బెజవాడలో రోజూ తొక్కడానికి ఏ సైకిల్: పాత నల్లదా, గేర్లదా, హైబ్రిడ్డా, బ్యాటరీదా?

సైకిల్ కొందామనుకుంటున్నా ఏది తీసుకోమంటారు అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది బడ్జెట్ కాదండి, రాత్రిపూట అది ఎక్కడ ఉంటుంది అని. సెల్లార్లో స్కూటర్ల మధ్య ఇరికిస్తారా, లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో మూడో అంతస్తుకి మోసుకెళ్ళాలా, ఇంటి ముందు గ్రిల్లుకి గొలుసేసి వదిలేస్తారా. రెండోది, వారంలో ఎక్కువ రోజులు ఎక్కడికి తొక్కుతారు. ఈ రెండిటికీ జవాబు చెప్తే సగం సైకిళ్ళు లిస్టులోంచి వాటంతటవే పోతాయి. కానీ జరిగేది ఏంటంటే షాపుకెళ్ళగానే లావు టైర్లు, ముందు షాకబ్జర్లు, డిస్కు బ్రేకులు, ఫ్రేము మీద 21 స్పీడ్ అని పెద్ద స్టిక్కరు చూసి అబ్బ భలే ఉందిరా అనుకుని బిల్లు కొట్టించేస్తారు, అదేమో దసరాకి కొంటే సంక్రాంతికల్లా సీటు మీద వేలితో పేరు రాసేంత దుమ్ము పట్టి ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మనది డెల్టా, బల్లపరుపు నేల. పటమట నుంచి బందరు రోడ్డు మీదుగా బీసెంట్ రోడ్డు దాకా వెళ్ళినా, సత్యనారాయణపురం నుంచి ఏలూరు రోడ్డు పట్టుకుని గుణదల వెళ్ళినా ఎక్కడుందండీ ఎత్తు? ఫ్లైఓవర్లు ఉన్నాయి, రైల్వే బ్రిడ్జిలు ఉన్నాయి, మొగల్రాజపురంలో కొండవార సందులు ఉన్నాయి, ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఉంది కానీ అక్కడికి రోజూ సైకిలేసుకుని వెళ్ళేవాళ్ళు ఎవరు. గుంటూరు అయితే మరీను, బ్రాడీపేట అరండల్‌పేట అంతా లైన్లు, అడ్డరోడ్లు, నాలుగు పెడళ్ళు తొక్కేలోపు ఇంకో క్రాసు వస్తుంది, బ్రేకేయాలి, మళ్ళీ మొదలెట్టాలి. ఇలాంటి చోట గేర్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, మడ్‌గార్డులు ఉన్నాయా, క్యారియర్ ఉందా, స్టాండు ఉందా, పంచరైతే ఆ సందులోనే వేసేవాడు ఉన్నాడా అన్నది లెక్క.

పాత నల్ల సైకిల్ సంగతి ముందు చూద్దాం ఎందుకంటే దాన్ని ఎవరూ ఆప్షన్ కింద కూడా అనుకోవట్లేదు. హీరో, హెర్క్యులిస్ వాళ్ళు ఈ మోడళ్ళు ఇప్పటికీ అమ్ముతున్నారు (అట్లాస్ వాళ్ళు మాత్రం 2020 జూన్‌లో సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేశారు, అది కూడా సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున, జూన్ 3). సుమారుగా 5 నుంచి 8 వేల మధ్యలో వస్తుంది. పెద్ద చక్రాలు, నిటారుగా కూర్చునే సీటు, చైను మీద కవరు కాబట్టి పంచె కట్టుకున్నా ప్యాంటేసుకున్నా గ్రీజు అంటదు, వెనక చక్రానికే తాళం ఉంటుంది, క్యారియర్ మీద పాతిక కేజీల బియ్యం బస్తా పెట్టినా కిక్కురుమనదు. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల తెల్లవారుజామున చూడండి, కూరగాయల బస్తాలు వేసుకుని తిరిగేవి ఎక్కువగా ఇవే. ఏ ఊళ్ళో ఏ చెట్టుకింద కూర్చున్న మెకానిక్ అయినా కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తాడు, ఏడాదికోసారి ఓవరాయిలింగ్ చేయించుకుంటే చాలు.

మైనస్ లేదా అంటే ఉంది, పెద్దదే. రిమ్ములు ఉక్కువి, పైన క్రోమ్ పూత. పొడిగా ఉన్నంతసేపు పర్లేదు, వాన పడి రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారిపోతుంది, బ్రేకు పట్టుకున్నా బండి వెళ్తానే ఉంటుంది. అదే అల్యూమినియం రిమ్ము అయితే తడిలో కూడా చాలా నయం. జులై ఆగస్టుల్లో బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు వెనకాల తడి రిమ్ములతో ఆగాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది తేడా. ఇంకోటి బరువు, 20 కేజీల పైమాటే, మెట్లెక్కించే పని ఉంటే వద్దు. ఎత్తు తక్కువున్న వాళ్ళకి 24 అంగుళాల ఫ్రేము పెద్దదవుతుంది, 22ది దొరుకుతుందేమో అడగండి.

ఇక అందరూ కొనేది, ఎంటీబీ, అంటే మౌంటెన్ బైకు, కొండదారుల కోసం చేసిన రకం. పది వేల నుంచి ఇరవై వేల లోపు గేర్ల ఎంటీబీ అంటే షాపులో వరసగా నిలబెట్టి ఉంటాయి. దీన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు కానీ ఆ రేటులో మనం దేనికి డబ్బులు ఇస్తున్నామో చూడండి. ముందు ఫోర్కులో ఉండేది మామూలు స్ప్రింగు, దాని బరువే దగ్గరదగ్గర రెండున్నర కేజీలు, మనం లేచి గట్టిగా తొక్కినప్పుడల్లా ముందుకి కిందకి ఊగుతూ మన బలం కొంత అదే తినేస్తుంది. టైర్లు గుబ్బలవి, మట్టిలో పట్టు కోసం చేసినవి, తారు రోడ్డు మీద వాటితో వెళ్తుంటే బుయ్యి మని ఒకటే మోత, ఆ మోత అంతా మన కాళ్ళ శక్తే. 21 గేర్లు అంటే ముందు 3 వెనక 7, వాటిల్లో సగం తొక్కడానికి ఇంచుమించు ఒకేలా ఉండేవే, మన రోడ్ల మీద ఓ మూడు నాలుగు తప్ప మిగతావి ముట్టుకునే పనే ఉండదు. మడ్‌గార్డులు ఉంటే చిన్న ప్లాస్టిక్ ముక్కలు, వానలో వెనక చొక్కా మీద బురద గీత ఖాయం.

డిస్కు బ్రేకు గురించి ఒక మాట. తడిలో నిజంగానే బాగా పడుతుంది, కాదనను. అయితే సెల్లార్లో పెట్టినప్పుడు పక్క స్కూటర్ స్టాండు తగిలిందనుకోండి, ఆ పళ్ళెం కాస్త వంగుతుంది, అంతే, ఆ రోజు నుంచి ప్రతి తిప్పుకీ ష్ ష్ ష్ అని రాసుకుంటూ ఉంటుంది. దాన్ని చక్రం తిప్పుతూ ఎక్కడ రాసుకుంటుందో చూసి, చిన్న రెంచీతో అక్కడ మాత్రం మెల్లగా వెనక్కి వంచాలి, ఓపిక పని. మామూలు పంచర్ షాపాయన ఆ ఓపిక పడడు, బ్రేకే లూజు చేసి ఇదిగోండి సౌండ్ పోయింది అంటాడు. సౌండ్‌తో పాటు బ్రేకూ పోయింది. మీ పార్కింగ్ ఇరుకైతే అల్యూమినియం రిమ్ములు, వి-బ్రేకులు (రిమ్ముని రెండు పక్కలా రబ్బర్లతో పట్టేవి) ఉన్న సైకిలే సుఖం, రబ్బర్లు అరిగితే వందా రెండొందల్లో మార్చేసుకోవచ్చు.

ఎంటీబీ ఎవరికి సరిపోతుందంటే, ఊరి బయట మట్టి డొంకల్లో తిరిగేవాళ్ళకి, కాలవ గట్ల మీద వెళ్ళేవాళ్ళకి, కొండపల్లి వైపు రాళ్ళ దారులు చూడాలనుకునే కుర్రాళ్ళకి. ఇప్పటికే ఇంట్లో ఒకటి పడి ఉంటే అమ్మేయకండి, గుబ్బల టైర్లు తీసేసి అదే 26 సైజులో నున్నటి టైర్లు, ఒకటిన్నర అంగుళం వెడల్పువి వేయించండి, ఓ ఫుల్ మడ్‌గార్డు జత, క్యారియర్ పెట్టించండి. సైకిలే మారిపోయినట్టు ఉంటుంది. కొత్త హైబ్రిడ్ కొనేదాన్లో కొద్ది వంతు ఖర్చుతో అయిపోయే పని ఇది, షాపు వాళ్ళు చెప్పరు, ఎందుకు చెప్తారు.

హైబ్రిడ్ అంటే ఎంటీబీకి, రోడ్ బైకుకి (వంగిన హ్యాండిల్, సన్న టైర్లది) మధ్యరకం. హ్యాండిల్ తిన్నగా ఉంటుంది, చక్రాలు పెద్దవి (700సి అంటారు), టైరు వెడల్పు 35 మిల్లీమీటర్ల అటూ ఇటూ. బరువు 13, 14 కేజీలు. 15 వేల నుంచి 30 వేల దాకా ఉన్నాయి. రోజూ ఏడెనిమిది కిలోమీటర్ల దూరం, అంటే కానూరు నుంచి గవర్నర్‌పేట ఆఫీసుకి, అలా వెళ్ళే వాళ్ళకి నా ఓటు దీనికే, అదీ షాకబ్జర్లు లేని మోడల్‌కి. హైబ్రిడ్‌లో కూడా షాకబ్జర్లు పెట్టి అమ్ముతున్నారు ఈ మధ్య, చూసి తీసుకోండి. గుంటలకి నడుం విరగదా అంటారు. విరగదు, టైరులో గాలి మరీ రాయిలా కొట్టకుండా 50, 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) దగ్గర ఉంచుకుంటే చిన్న చిన్న గతుకులు టైరే మింగేస్తుంది. కొనేటప్పుడు ఫ్రేము మీద క్యారియర్, మడ్‌గార్డు బిగించే బోల్టు రంధ్రాలు ఉన్నాయా లేదా వెనక ఇరుసు దగ్గర వంగి చూడండి. అవి లేకపోతే తర్వాత క్లాంపులు పెట్టి, వైర్లు కట్టి నానా తంటాలు.

క్యారియర్ క్యారియర్ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే మన ఎండలు. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరు మనది, మార్చి నుంచే పొద్దున ఎనిమిదికి వీపు కాలుతుంది. ల్యాప్‌టాప్ బ్యాగు వీపుకి తగిలించుకుని రెండు కిలోమీటర్లు తొక్కండి, బ్యాగు కింద చొక్కా మొత్తం తడిసి ఆఫీసులో అదే ఆకారంలో మచ్చ కనపడుతుంది. బ్యాగుని క్యారియర్ పక్కన తగిలిస్తే వీపుకి గాలి ఆడుతుంది, అంతే సంగతి. ఇంకో చొక్కా, తువ్వాలు ఆఫీసులో పెట్టుకుంటే ఇక సమస్యే లేదు. టెక్ బట్టలు, స్పెషల్ జెర్సీలు రోజువారీకి అనవసరం.

గేర్లు లేని సిటీ సైకిళ్ళు, ముందు బుట్ట ఉండి మధ్యలో అడ్డ బార్ లేకుండా కిందకి వంగిన ఫ్రేము ఉన్నవి, వీటిని లేడీస్ సైకిల్ అని పక్కన పెట్టేస్తారు కానీ ఊళ్ళో పనులకి ఇంతకంటే తెలివైన సైకిల్ లేదు. బీఎస్ఏ లేడీబర్డ్ తరహావి. చీరలో అయినా చుడీదార్లో అయినా ఎక్కొచ్చు దిగొచ్చు, మోకాళ్ళు పట్టేసే పెద్దవాళ్ళకి కాలు వెనక నుంచి తిప్పి వేయక్కర్లేదు. మా బాబాయ్‌కి అరవై దాటాక ఇదే కొనిపించాం, మొదట్లో ఆడపిల్లల సైకిల్ నాకెందుకురా అని గునిశాడు, ఇప్పుడు లక్ష్మీపురంలో పాలు పేపరు మందులు అన్నీ దాని మీదే, బుట్టలో కొత్తిమీర కట్టతో సహా. సిగ్గు పడే మగాళ్ళు పెట్రోలు బంకులో ఇచ్చేది చూసుకుని సిగ్గు పడాలి అసలు.

పిల్లలకి కొనేటప్పుడు ఎదుగుతాడు కదా అని పెద్ద సైజు తీసుకోవద్దు, రెండు కాళ్ళూ నేలకి ఆనాలి, కనీసం మునివేళ్ళన్నా.

బ్యాటరీ సైకిల్. ఇది వేరే లెక్క. 250 వాట్లకి లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్లకి లోపు స్పీడు అయితే లైసెన్సు రిజిస్ట్రేషను అక్కర్లేదు, అంతకు మించిందైతే అది సైకిల్ కాదు బండి కిందే లెక్క, షాపు వాడు ఏం చెప్పినా సరే. రేటు పాతిక వేల నుంచి మొదలు. తాడేపల్లి, మంగళగిరి నుంచి బ్యారేజీ దాటి రోజూ వచ్చేవాళ్ళకి, ఎదురు గాలికి ఆయాసపడే వాళ్ళకి, చెమట పట్టకుండా చేరాల్సిన వాళ్ళకి బాగా పనికొస్తుంది. ప్రకాశం బ్యారేజీ పొడవు కిలోమీటరుకి పైనే, సాయంత్రం నది మీద గాలి ఎదురొచ్చిందంటే మామూలు సైకిల్ మీద నిలబడి తొక్కాల్సిందే, అప్పుడు ఆ మోటారు విలువ తెలుస్తుంది.

కానీ కొనే ముందు ఒకటే చూడండి, బ్యాటరీ ఊడొస్తుందా లేదా. కొన్నిట్లో ఫ్రేము లోపలే బిగించేసి ఉంటుంది, ఛార్జింగ్ పెట్టాలంటే 20 కేజీల పైన ఉన్న సైకిల్ మొత్తం పైకి మోయాలి, లేకపోతే సెల్లార్లో ప్లగ్గు కోసం అసోసియేషన్ వాళ్ళతో గొడవ. ఊడొచ్చే బ్యాటరీ అయితే సంచిలో వేసుకుని పైకి పోవచ్చు. లిథియం బ్యాటరీకి వేడి పడదు, ఎండలో తొక్కి రాగానే ఛార్జింగ్ పెట్టకుండా ఒక అరగంట చల్లారనివ్వండి, ఎండలో రోజంతా పార్క్ చేయకండి. కంపెనీ చెప్పే మైలేజీలో మూడో వంతు తీసేసి లెక్కేసుకుంటే నిరాశ ఉండదు. కొన్నేళ్ళకి బ్యాటరీ మార్చాల్సి వస్తే అదే పెద్ద ఖర్చు, కొనే రోజే కొత్త బ్యాటరీ ఎంత, ఎక్కడ దొరుకుతుంది అని అడిగి రాయించుకోండి, జవాబు నసిగారంటే బయటికి నడవండి.

వంగిన హ్యాండిల్ రోడ్ బైకులు, సన్న టైర్లవి, ఇవి ఆదివారం సరుకు. 80, 100 పీఎస్ఐ గాలి, పది పన్నెండు కేజీల బరువు, హైవే మీద తొక్కితే గాల్లో తేలినట్టుంటుంది నిజమే. పొద్దున్నే బయల్దేరి గుంటూరు వెళ్ళి ఇడ్లీ తిని తిరిగొచ్చే బ్యాచ్‌లు ఉంటాయి, పోనూ రానూ 70 కిలోమీటర్లు, వాళ్ళకి ఇది కావాలి. ఊళ్ళో డ్రైనేజీ మూతల మధ్య, జల్లెడ గ్రిల్లుల మీద ఈ టైర్లు భయం. లాంగ్ రైడ్లు చేయాలంటే ఇదే ఉండాలి అనుకోవద్దు కూడా, బ్రెవే అని 200 కిలోమీటర్ల రైడు ఉంటుంది కదా, దానికి టైము 13 గంటల 30 నిమిషాలు, హైబ్రిడ్ మీద హాయిగా పూర్తి చేసేవాళ్ళు ఉన్నారు. హైబ్రిడ్‌తో ఒక ఏడాది తొక్కి, అప్పటికీ ఇంకా స్పీడ్ కావాలి అనిపిస్తే అప్పుడు ముప్పై నలభై వేలు పెట్టండి.

ఎవరూ అడగని విషయం ఒకటుంది, గాలి కొట్టే వాల్వు. నల్ల సైకిళ్ళకి ఉండేది పాత రకం, లోపల సన్నటి రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది, ఎండలకి అది మెత్తబడి చీలిపోతుంది, పంచరు లేకుండానే పొద్దునకి గాలి దిగిపోయి ఉంటుంది. రూపాయల్లో అయ్యే పని, రబ్బరు ముక్క మారిస్తే సరి, ట్యూబు విప్పించక్కర్లేదు. ఎంటీబీలకి, హైబ్రిడ్‌లలో చాలావాటికి ఉండేది స్కూటర్ వాల్వే, పెట్రోలు బంకులో కూడా కొట్టించుకోవచ్చు, అయితే బంకు గాలి ఒక్కసారిగా దూకుతుంది కాబట్టి కొద్ది కొద్దిగా కొట్టమనాలి. రోడ్ బైకులకి, ఖరీదైన హైబ్రిడ్‌లకి మాత్రం సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, మన సందు చివరి పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, ఒకటి తాళం గుత్తికి తగిలించుకుంటే దారిలో ఎక్కడైనా గాలి దొరికినట్టే.

సెకండ్ హ్యాండ్ మంచి దారి. 2020 లాక్‌డౌన్ అప్పుడు దేశం మొత్తం సైకిళ్ళ మీద పడింది, స్టాకు దొరకలేదు, ఆ కొన్నవాటిల్లో చాలా అపార్ట్‌మెంట్లలోనే నిలబడి ఉన్నాయి. అసలు తొక్కనివే ఉంటాయి, సగం రేటుకి ఇచ్చేస్తారు. వాచ్‌మెన్‌ని అడిగితే ఎవరిది ఏదో చెప్తాడు. టైరు పక్కల పగుళ్ళు ఉంటే టైర్లు, ట్యూబులు కొత్తవి వేయాలి అని ఆ డబ్బులు బేరంలో తగ్గించండి. సైకిల్ ఎత్తి చక్రం తిప్పండి, అటూ ఇటూ ఊగుతుంటే పుల్లలు బిగించి సరిచేయించుకోవచ్చు, భయం లేదు. పెడల్ చేతులు పట్టుకుని పక్కకి ఊపండి, కటకట అంటే లోపల బేరింగు పోయింది, అదీ మార్చొచ్చు. ఫ్రేము అతుకుల దగ్గర గీతలాంటి పగులు కనిపిస్తే మాత్రం ఫ్రీగా ఇచ్చినా వద్దు.

కొన్నాక సీటు ఎత్తు. మన దగ్గర పదిమందిలో ఎక్కువమంది సీటు కిందకి దించుకుని మోకాళ్ళు ఛాతీకి తగిలేలా తొక్కుతారు, తర్వాత మోకాళ్ళ నొప్పులు సైకిల్ వల్ల అంటారు. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా రావాలి, అప్పుడు మునిపాదంతో తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది, అదే సరైన ఎత్తు. ఆగినప్పుడు సీటు ముందుకి దిగి కాలు ఆనించాలి, పిల్లలకైతే సరే కానీ పెద్దవాళ్ళకి సీటు మీదే కూర్చుని రెండు కాళ్ళూ ఆనాలంటే కుదరదు.

ఊరికే సరదాకి తొక్కాలంటే పొద్దున్నే బ్యారేజీ దాటి ఉండవల్లి గుహల వైపు పోయి రండి, ఏ సైకిల్ అయినా చాలు దానికి, కరకట్ట రోడ్డు ఇరుకు కాబట్టి వెలుగొచ్చాకే. విశాలంగా కావాలంటే అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు. ఫ్లైఓవర్లు ఎక్కకండి, కింద సర్వీస్ రోడ్డు ఉండగా పైన లారీలతో మనకి పనేంటి. వెనక ఎర్ర లైటు ఒకటి తప్పకుండా కొనండి, మన దగ్గర సాయంత్రం ఆరున్నరకే వెనకొచ్చే బండికి సైకిల్ కనపడదు. హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

డబ్బుల విషయంలో చివరగా, 2025 సెప్టెంబర్ 22 నుంచి మామూలు సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత స్టాకు మీద పాత స్టిక్కరు రేటు చెప్తే ఆ మాట గుర్తు చేయండి. క్యారియర్, ఫుల్ మడ్‌గార్డులు, స్టాండు, బెల్లు, తాళం అన్నీ కలిపి ఎంత అవుతుందో ఒకేసారి మాట్లాడండి, ముందు సైకిల్ రేటు తేల్చి తర్వాత ఒక్కొక్కటి అడిగితే అక్కడే లాగుతారు. నెల తిరిగేసరికి కొత్త బ్రేకు వైర్లు సాగుతాయి, చక్రం పుల్లలు లూజవుతాయి, ఫ్రీ సర్వీసుకి తీసుకెళ్ళి బిగించుకు రావాలి. బిల్లు మీద ఫ్రేము నంబరు రాయించుకోండి, పెడళ్ళ ఇరుసు అడుగున కొట్టి ఉంటుంది మామూలుగా, సైకిల్ తలకిందులు చేసి ఫోన్లో ఒక ఫొటో తీసి ఉంచుకోండి, పోతే స్టేషన్లో అడిగేది ఆ నంబరే.